వేట లేని వేటకాడు: బెంగాల్ పిల్లి చేష్టల వెనుకనున్న కారణములు

పళ్లెమునిండ ఆహారమున్నది, ప్రక్కనే నీరున్నది, మెత్తని పడకయు, ప్రొద్దుటియెండ తగులు కిటికీయు అమర్చబడియున్నవి. అయినను తెల్లవాఱుటకు ఇంకను గంటన్నర వ్యవధి యుండగనే, చిరుతపులిమచ్చలు గల ఆ పిల్లి పడకగది తలుపును గోకుచు, ఆగక అఱచుచు, తలుపు తెఱచినంతనే లోనికి దూసికొనివచ్చి, దుప్పటిక్రింద కదలిన కాలివ్రేళ్లపైకి లంఘించి కఱచును. పగటివేళ అలమార పైయరకు ఎగబ్రాకి, అచ్చటి వస్తువులను ఒక్కొక్కదానినే అంచునకు నెట్టి, అవి నేలబడి బ్రద్దలగుటను తదేకదృష్టితో చూచును. కుళాయి పిడిని పంజాతో నెత్తి ధారలో ఆడును. గడియ సరిగ పడని తలుపును ముంగాళ్లతో లాగి తెఱచును. వంటయింటి గట్టుపై నుంచిన కోడిమాంసము మాయమగును. ఎంతో వెలపోసి, ముచ్చటపడి తెచ్చుకొన్నవారు ఏడాది గడువకమున్నే విసిగిపోయి, ఇది పిల్లి కాదు పులియని వాపోవుట తఱచుగ వినవచ్చు మాట.

కడుపు నిండిన జంతువు కుదురుగ నుండవలెను గదా, దీనికి కుదురేల లేదు? ఈ ప్రశ్నకు అందఱును చెప్పు సమాధానము ఒక్కటే: అడవిరక్తము. ఈ సమాధానమున సత్యము లేకపోలేదు గాని, ఉన్నది కొంచెమే. ఆ కొంచెమును పట్టుకొని పిల్లిని కొట్టుటయో, బోనులో మూయుటయో, చివరకు ఎవరికో ఇచ్చివేయుటయో జరుగుచున్నందున, మిగిలిన సత్యమును గూడ విశదపఱచుట అవసరమని తలంచుచున్నాను.

కాలిఫోర్నియాలో పుట్టిన మచ్చలు

బెంగాల్ జాతికి మూలము ఆసియా చిరుతపిల్లి. హిమాలయపాదములయందును, ఈశాన్యరాష్ట్రములయందును, పశ్చిమకనుమలయందును సంచరించు ఈ చిన్న అడవిజంతువు పరిమాణమున ఇంటిపిల్లికి ఇంచుమించు సమానము. ఎలుకలు, పక్షులు, తొండలు దీని ఆహారము. ఒంటరిగ తిరుగును, విశేషించి రాత్రులయందు వేటాడును, నీటికి జంకక ఈదును. 1963లో అమెరికాలో జీన్ మిల్ అను వనిత పెంచుచున్న ఆడ చిరుతపిల్లికి, నల్లని ఇంటి మగపిల్లివలన సంతానము కలిగెను. ఆ ప్రయత్నము కొన్నాళ్లకు ఆగిపోయెను. తరువాత 1970లలో కాలిఫోర్నియాలో విలర్డ్ సెంటర్‌వాల్ అను వైద్యశాస్త్రజ్ఞుడు, పిల్లులకు సోకు ల్యుకీమియా వైరసును గూర్చిన పరిశోధనలో భాగముగ, చిరుతపిల్లులకును ఇంటిపిల్లులకును సంకరసంతానమును కల్పించెను. తెలుగువారికి ఈయన వేఱొక కారణముచేత గూడ స్మరణీయుడు: మేనరికము మొదలైన రక్తసంబంధ వివాహములకును శిశువుల జన్మలోపములకును గల సంబంధమును దక్షిణభారతమున పరిశీలించి, 1966లో ఫలితములను ప్రకటించినవారిలో ఈయన యొకడు. 1980లో ఆయన పరిశోధనలోని కొన్ని సంకరజాతి ఆడుపిల్లులను జీన్ మిల్ స్వీకరించి, విడిచిన కార్యమును మరల చేపట్టెను.

ఈ కథలో మన దేశపు వీధిపిల్లికి గూడ ఒక స్థానము కలదు. 1982లో జీన్ మిల్ ఢిల్లీ జంతుప్రదర్శనశాలను దర్శించినపుడు, ఖడ్గమృగముల ఆవరణలో తిరుగాడుచున్న ఒక అనాథ పిల్లి ఆమె కంటబడెను. దాని బంగారుచాయ రోమములపైని ముదురుమచ్చలకు ముగ్ధురాలై, ఆమె దానిని అమెరికాకు రప్పించి సంకరములో చేర్చెను. నేటి బెంగాల్ పిల్లుల రోమములలో మెఱయు తళుకు ఆ ఢిల్లీ వంశమునుండియే సంక్రమించినదని పెంపకందారులు చెప్పుదురు. 1986లో అంతర్జాతీయ పిల్లుల సంఘమొకటి ఈ జాతిని గుర్తించెను. ఆ సంవత్సరముననే అమెరికాలో ఆఫ్రికా సెర్వలునకును సయామీ పిల్లికిని కలిగిన సంతానము నుండి సవానా అను మఱియొక సంకరజాతి, పొడవాటి కాళ్లును ఇంకను ఎక్కువ చాపల్యమును గలది, ప్రారంభమైనది.

రక్తములో అడవి పాలెంత?

భిన్నజాతుల కలయికవలన పుట్టిన సంతానములో వంధ్యత్వము గాని, బలహీనత గాని ఒక లింగమునకే సంభవించినచో, అది రెండు వేర్వేఱు లింగక్రోమోసోములు గల లింగమునకే సంభవించునని ఒక నియమము కలదు. దీనిని 1922లో ప్రతిపాదించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్, ఇంగ్లండును విడిచి 1957లో మన దేశమునకు వచ్చి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసిన ఆ మహామేధావియే. పిల్లులలో అట్టి లింగము మగది. చిరుతపిల్లికిని ఇంటిపిల్లికిని క్రోమోసోముల సంఖ్య సమానమే, రెంటికిని 38. అయినను ఆ రెండు వంశములును విడిపోయి సుమారు 60 లక్షల సంవత్సరములు గడచినందున, సంకరసంతానములో మొదటి రెండు మూడు తరముల మగపిల్లులు సాధారణముగ వంధ్యములు. కావున పెంపకందారులు ఆ తరములలో సంకరజాతి ఆడుదానిని ఇంటి మగపిల్లితోనే కలుపవలసివచ్చెను. ఫలితమును ఊహించుట సులభము. మొదటితరమున సగముగ నున్న అడవిపాలు, రెండవతరమున నాలుగవవంతై, మూడవతరమున ఎనిమిదవవంతై, నాలుగవతరమున పదునాఱవవంతై, ఐదవతరమునకు ముప్పదిరెండవవంతుకు, అనగా నూటికి 3 పాళ్లకు దిగును.

ఇది కాగితముపై వేసిన లెక్క. 2024లో ప్రచురింపబడిన ఒక జన్యుపరిశోధనలో, తొమ్మిదివందలకు పైబడిన బెంగాల్ పిల్లులను పరీక్షింపగా, చిరుతపిల్లినుండి సంక్రమించిన భాగము సగటున నూటికి మూడున్నర పాళ్లు మాత్రమేయని తేలినది. అంతకంటె విస్మయము గొల్పు సంగతి యేమనగా, చూచినవారు అడవి వరప్రసాదమని భావించు ఆ మచ్చల శోభకు కారణమైన జన్యుభేదములు చాలవఱకు ఇంటిపిల్లులలో ముందే యుండినవట. పెంపకందారులు తరతరమునను ఏరికోరి వాటిని ఒకచోట చేర్చిరి. ఐదవతరమున గాని, అటుపిమ్మట గాని పుట్టిన బెంగాల్ పిల్లి శరీరమున నూటికి తొంబదియాఱు పాళ్లకు పైగా ఇంటిపిల్లియే.

మఱి ఆ చాంచల్యము ఎక్కడిది? 2019లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు ఐదువేలకు మించిన పిల్లుల యజమానులను ప్రశ్నించి జాతులను పోల్చిచూడగా, చురుకుదనమున బెంగాల్ జాతి అగ్రశ్రేణిలో నిలిచెను. వంశానుగతిని లెక్కగట్టిన జాతులలో, నడవడి భేదములకు సుమారు సగము కారణము వారసత్వమని వారు తేల్చిరి. చురుకుదనము ఈ జాతికి పుట్టుకతోడి గుణమనుటలో సందేహము లేదు. దానిని మాన్పింపబూనుట వృథాప్రయాస. మిగిలిన సగమునకు పెంపకము, బాల్యము, ఇంటిలోని జీవనము కారణములు. ఆ సగమున మన చేతులలో నున్నది స్వల్పము కాదు.

ఆకలి వేఱు, వేట వేఱు

ఒక చిట్టెలుకలో సుమారు 30 కెలోరీలుండును. 4 కిలోల పిల్లికి దినమునకు 200 మొదలు 250 కెలోరీలు కావలెను. అనగా ఆరుబయట తనంతట బ్రదుకు పిల్లి దినమునకు 8 వఱకు ఎలుకలను పట్టవలసియుండును. పట్టబోయిన ప్రతిసారియు దొరకదు గనుక, దుముకులు అంతకు ఎన్నియో రెట్లు. ఇట్టి జంతువు కడుపు మాడినపిదప గాని వేటకు కదలనిచో, దుర్దినమొకటి వచ్చినంతనే నశించిపోవును. కావున దాని స్వభావమున ఆకలి యనునదియు, వేటాడవలెనను తహతహయు రెండు వేర్వేఱు ప్రేరణలై రూపొందినవి. ఆకలి వేటను తీవ్రతరము చేయును. కాని ఆకలి తీఱినంతమాత్రమున వేట ఆఱిపోదు. 1976లో రాబర్ట్ అడమెక్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రయోగమున, తమకు ప్రీతికరమైన ఆహారమును తినుచున్న పిల్లుల యెదుట ఎలుకను విడువగా, అవి తిండిని మధ్యలో విడిచి, ఎలుకను చంపి, దానిని నోట కఱచుకొని పళ్లెమువద్దకు తెచ్చి, తరువాత ఆ పళ్లెములోని ఆహారమునే తినుట కొనసాగించెను.

జర్మనుశాస్త్రజ్ఞుడు పౌల్ లైహౌసెన్ పిల్లుల వేటను అనేక సంవత్సరములు గమనించి, మఱియొక మెట్టు ముందునకు పోయెను. పొంచుట, తరుముట, దుముకుట, పట్టుట, మెడ కొఱుకుట అను క్రియలు ఒకదానివెంట ఒకటి జరుగుచున్నను, ఒక్కొక్కదానికి దాని ప్రేరణ దానికే కలదనియు, ఒకటి తీఱినంతమాత్రమున మఱియొకటి తీఱదనియు ఆయన ప్రతిపాదించెను. ఈ దృష్టితో చూచినచో మన పళ్లెము ఎంత తక్కువ యిచ్చుచున్నదో తెలియగలదు. ఎనిమిది వేటలకు సరిపడు ఆహారమును రెండు పూటలలో ముందుంచి, ఆ ఎనిమిది వేటల పరుగును, దుముకును, ఏకాగ్రతను ఖర్చు చేయుటకు దారి చూపక, నాలుగుగోడల మధ్య విడిచిపెట్టుచున్నాము. ఇక ఆ యింట కదలునవి యేవి? దుప్పటిక్రింది కాలివ్రేళ్లు, నడచుచున్న మడమలు, వ్రేలాడు తెరకుచ్చు, అంచునకు నెట్టగా పడు గాజుపాత్ర, కుళాయి ధార. పిల్లి వాటిని ఎంచుకొనుట పగచేత కాదు. చిన్నదై, ఉలికిపడి, పాఱిపోవు వస్తువు దానికి వేటజంతువు లక్షణముగ తోచును. కఱచినపుడు కెవ్వుమని చేయి లాగికొనువాడు తెలియకయే ఆ లక్షణములన్నింటిని నెఱవేర్చుచున్నాడు. అట్టి సమయమున కదలక నిలిచి, చేతిని సడలించి, పిల్లి పట్టు వదలినపిదప మెల్లగ తొలగుట ఉత్తమము. చేతివ్రేళ్లను ఆటవస్తువులుగ చూపి పిల్లకూనతో ఆడుట మొదటనే మానవలెను. రెండునెలల కూన కొఱుకుడు ముద్దుగ నుండును, రెండేండ్ల దాని కొఱుకుడు రక్తము చిందించును.

ఆటకొక క్రమము

బెంగాల్ పిల్లికి ఆట వినోదము కాదు, దినచర్యలో భాగము. కఱ్ఱ కొనను దారముతో కట్టిన ఈకలకుచ్చు అన్నింటిలో మేలైన సాధనము; మనుష్యుని చేయి దూరముగ నుండును, వేటజంతువు కదలిక మన వశమున నుండును. ఆడించువారు తఱచుగ చేయు పొరపాటు, కుచ్చును పిల్లి ముఖముమీదికి తెచ్చి ఊపుట. ఏ యెలుకయు పిల్లికి ఎదురురాదు. కుచ్చును పిల్లినుండి దూరముగ, నేలను ఆనించి, సోఫా అంచువెంట ప్రాకించి, మూలమలుపున సగము కనబడునట్లు ఆపవలెను. అపుడు చూడుడు: పిల్లి పొట్ట నేలకు తాకును, కనుపాప పెద్దదై నల్లబాఱును, చెవులు ముందునకు వాలును, వెనుకకాళ్లు ఒకదానివెంట ఒకటి నేలను త్రొక్కుచు నడుము అటునిటు కదలును. ఆ క్షణమున తొందరపడి కుచ్చును లాగరాదు. పొంచుట వేటలో అత్యధికభాగమగుటచేత, ఆ నిరీక్షణయే పిల్లి మనస్సునకు అత్యధిక శ్రమ. దుమికినపుడు నాలుగింట ఒకసారి పట్టనిచ్చి, పట్టినదానిని కొంతసేపు కాళ్లతో తన్ననిచ్చి, మరల సడలించి పాఱించవలెను. పది పదునైదు నిమిషములకు పిల్లి ప్రక్కకు పండుకొని కుచ్చును పంజాతో మాత్రమే తాకసాగును. అపుడు చివరిసారి గట్టిగ పట్టనిచ్చి, వెంటనే ఆహారము పెట్టవలెను. వేట, భోజనము, నాకుకొని శుభ్రపడుట, నిద్ర: పిల్లి దేహమున ఈ వరుస స్థిరముగ నెలకొనియున్నది, వరుసను ప్రారంభించి పూర్తిచేసినచో నిద్ర తనంతట వచ్చును.

లేసరు దీపపు ఎఱ్ఱచుక్కతో ఆడించుట నేడు ఎల్లెడల కానవచ్చుచున్నది. అది పిల్లిని పరుగెత్తించును గాని, పంజాక్రింద ఏమియు మిగల్చదు. మంగళము పాడక మధ్యలో లేచిపోయిన కచేరివలె ఆ ఆట ముగియును. పట్టుట, కొఱుకుట అను ప్రేరణలు రేగి, తీఱక, పిల్లి గోడలను నేలను వెదకుచు తిరుగును. ఆ దీపమును వాడితీరవలెనన్నచో, చివర చుక్కను ఒక ఆహారపు ముక్కపై నిలిపి ఆర్పవలెను.

కొనితెచ్చిన బొమ్మలు రెండుదినములకే అనాదరణ పాలగుటకు గూడ శాస్త్రీయమైన కారణము కలదు. బ్రిటనులో సేరా హాల్, జాన్ బ్రాడ్షా మొదలైనవారు ఒకే బొమ్మను మరల మరల చూపగా పిల్లుల ఆసక్తి త్వరితముగ క్షీణించెను. వెంటనే రంగును వాసనయు వేఱైన బొమ్మను చూపగా ఆట మొదటికంటె ఉత్సాహముగ సాగెను. ఆకలిగొన్నపుడు ఆట మఱింత తీవ్రమగునని గూడ వారే కనుగొనిరి. చంపినను చావని, చిరుగని, మాఱని వస్తువు వేటకు పనికిరానిదని పిల్లి దానిని విడిచిపెట్టుచున్నది. కావున బొమ్మలన్నింటిని నేలపై వెదజల్లక, రెండు మూడింటిని బయట నుంచి, మిగిలినవానిని పెట్టెలో దాచి, దినము తప్పించి దినము మార్చుచుండవలెను. ఆటను భోజనమునకు ముందుంచవలెను.

ఇట్టి ఆటవలన నిజముగ ఫలమున్నదా యను సందేహము గలవారికి, 2021లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధన సమాధానమీయగలదు. బయట వేటాడు అలవాటు గల పిల్లులతో యజమానులు దినమునకు 5 మొదలు 10 నిమిషములు ఇట్లు ఆడగా, అవి ఇంటికి తెచ్చు వేటజంతువుల సంఖ్య నూటికి 25 పాళ్లు తగ్గెను; మాంసము విశేషముగ గల, ధాన్యములేని ఆహారమును పెట్టగా నూటికి 36 పాళ్లు తగ్గెను. ఆ పరిశోధననుబట్టియే మఱియొక సంగతి కూడ చెప్పవలెను. ఆహారమును లోపల దాచి, పిల్లి శ్రమించి తీసికొనునట్లు చేయు చిక్కుపాత్రల నిచ్చిన యిండ్లలో వేట తగ్గుటకు మాఱుగ పెరిగెను. అట్టి పాత్రలు మంచివే, వాడదగినవే. కాని అవి ఆటకు బదులు కానేరవు.

ఎత్తులు, గోళ్లు, వంటగట్టు

పిల్లి గోళ్లు గీయుట పదును పెట్టుకొనుటకు మాత్రమే కాదు. పాతబడిన గోటి పైపొర ఊడిపోవును. వెన్నెముకయు భుజములును సాగును. పంజావ్రేళ్ల మధ్యనున్న గ్రంథుల వాసన అచ్చట అంటి, ఈ చోటు నాదని ప్రకటించును. ఇన్ని ప్రయోజనములు గల క్రియను నిషేధింపలేము, చోటు మాత్రము మార్పవచ్చును. పిల్లి ముంగాళ్లెత్తి పూర్తిగ సాగినను అందనంత ఎత్తును, దాని బరువునకు ఊగని పీఠమును గల స్తంభమునకు కొబ్బరిపీచు త్రాడు గాని, గోగునార త్రాడు గాని బిగువుగ చుట్టి, అది గీకుచున్న సోఫా ప్రక్కనే నిలుపవలెను. దూరపు మూలలో నిలిపినచో అది వ్యర్థము. గుర్తువేయుట మనుష్యులు మసలుచోటనే గదా అవసరము. గోళ్లు తీయించు శస్త్రచికిత్స యనునది గోటిని కాక వ్రేలి చివరియెముకనే ఛేదించునట్టిది. న్యూయార్కు రాష్ట్రము దానిని 2019లో నిషేధించెను. అట్టి పనిని ఏ సాకుతోను సమర్థింపజాలను.

ఎత్తెక్కుట కూడ ఇట్టిదే. వంటగట్టుపైనుండి పదిసార్లు దింపుటకంటె, అంతకంటె ఎత్తున, కిటికీ కనబడుచోట గోడకు పలకలను మెట్లుగ బిగించి దారి కల్పించుటయే ఫలించును. గట్టుపై ఆహారము మిగులరాదు. ఒక్క ముక్క దొరికినను నెలదినముల నిగ్రహము వ్యర్థమగును. అపార్ట్‌మెంటులలో పావురములు రాకుండ కట్టు నైలాను వలను నమ్మి పిల్లిని బాల్కనీలోనికి విడుచుట ప్రమాదము. ఈ జాతి దానిని పండ్లతో త్రెంపగలదు. ఇనుపతీగల జాలి బిగించినయెడల ఆ బాల్కనీయే పిల్లికి అమూల్యమైన ఆవరణమగును. పిల్లులకొఱకు తయారగుచున్న పెద్ద పరుగుచక్రమును ఇతర జాతులు ఉపేక్షించినను, బెంగాల్ పిల్లులు తఱచుగ ఇష్టపడును. నీటితో ఆడు కోరికను వెడల్పైన తొట్టెలో రెండంగుళముల నీరుపోసి, తేలు బంతిని వేసి తీర్పవచ్చును.

తెల్లవాఱుజాము కేక

ప్రత్యూషమును సంధ్యయు పిల్లికి సహజమైన వేటవేళలు. ఆ వేళ మేల్కొనుటను మనము మాన్పజాలము. కేకను మాత్రము మనమే నేర్పితిమి. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను చెక్కపట్టెల పెట్టెలలో మూసి, త్రాడును లాగినచో గాని, మీటను నొక్కినచో గాని తలుపు తెఱచుకొనునట్లు అమర్చెను. మొదట అవి నలుదెసల గోకి, తుదకు యాదృచ్ఛికముగ ఆ మీటను తాకి బయటపడెను. మరల మరల మూయగా బయటపడు కాలము తగ్గుచు వచ్చెను. సుఖమైన ఫలమిచ్చిన క్రియ నిలుచును, ఈయనిది తొలగునను అభ్యసనసూత్రము ఆ పిల్లులనుండియే పుట్టినది. గడియ తీయు మన పిల్లియు, నాలుగుగంటలకు అఱచు మన పిల్లియు ఆ సూత్రమునకే ఉదాహరణములు. అఱచినపుడు లేచి ఆహారము పెట్టితిమి, ఫలము కలిగినది, క్రియ నిలిచినది.

ఆఱుదినములు ఓర్చుకొని, ఏడవదినమున తాళలేక లేచుట అన్నింటికంటె హానికరము. ఎప్పుడో ఒకప్పుడు లభించు ఫలము, ప్రతిసారియు లభించుదానికంటె అలవాటును గట్టిపఱచును. అంతేకాదు, ఫలము ఆగినపుడు కేక తగ్గుటకు ముందు కొన్నిదినములు హెచ్చును. ఆ హెచ్చును ఓటమిగ భావించి లొంగిపోవువారే యెక్కువ. కావున ముందు పడుకొనబోవువేళకు ఆటయు భోజనమును అమర్చి, తెల్లవాఱుజామున ఒక గడియారపు ఆహారయంత్రము తనంతట తెఱచుకొనునట్లు చేసి, అపుడు మాత్రమే కేకను పూర్తిగ ఉపేక్షింపవలెను. ఫలము యజమానినుండి కాక యంత్రమునుండి వచ్చుచున్నదని తెలిసిన పిల్లి యంత్రముముందు కూర్చుండును.

కొట్టుటయు, నీళ్లు చిమ్ముటయు ఏల పనికిరావో ఈ సూత్రమే చెప్పుచున్నది. దండన చేష్టతో ముడిపడవలెనన్నచో ఆ క్షణముననే, ప్రతిసారియు జరుగవలెను. అది ఏ యింటను సాధ్యము కాదు. కావున పిల్లి దండనను చేష్టతో కాక మన ముఖముతో ముడిపెట్టుకొనును. మనమున్నపుడు ఎక్కదు, లేనపుడు ఎక్కును. దానితోపాటు భయమును చేరును, భయపడిన పిల్లి మరల కఱచును. దీనికి మాఱుగ, క్లిక్కుమను చిన్న శబ్దముతో సరియైన క్షణమును గుర్తించి, వెనువెంటనే ఆహారపుముక్క నిచ్చు పద్ధతిలో ఈ జాతికి కూర్చుండుట, పిలిచినచో వచ్చుట, బోనులోనికి తానే ప్రవేశించుట, నడుముపట్టీతో బయట నడచుట నేర్పవచ్చును. బుద్ధికి పనిపెట్టు ఆ ఐదునిమిషములు పరుగువలెనే దానిని అలయించును.

ఒక్కొక్కప్పుడు ఏ కారణమును కానరాక పిల్లి యింటివారిపై తీవ్రముగ తిరుగబడును. కిటికీయవతల వీధిపిల్లి కనబడినదేమో చూడవలెను. అందని శత్రువుపై రేగిన ఉద్రేకము అందినవారిపై పడును. అది చల్లాఱుటకు గంటలు పట్టును. అపుడు ఎత్తుకొని బుజ్జగింపబోక, దీపమార్పి ఆ గదిని మూసి వదలివేసి, కిటికీ క్రిందిభాగమును కాగితముతో కప్పవలెను.

తొట్టె వెలుపల మూత్రము

ఈ యొక్క విషయమున మాత్రము నడవడిని విచారించుటకు ముందు పశువైద్యుని చూడవలెను. మగపిల్లి మాటిమాటికి, మలమూత్రములకై లిట్టరు పోసి ఉంచిన తొట్టెలో కూర్చుండి చుక్కయు రాక బాధపడుచున్నచో మూత్రనాళము మూసికొనియుండవచ్చును; ఒకటి రెండు దినములలో ప్రాణాపాయము. వ్యాధి లేదని తేలినపిదప, రెండు చేష్టలను వేఱుపఱచి చూడవలెను. నిలువుగోడపై, తోకనెత్తి వణకించుచు, నిలుచుండి చిమ్మునది గుర్తువేయుట. బీజములు తొలగింపబడిన మగపిల్లులలో పదింట తొమ్మిదింటికి ఈ యలవాటు పోవును. మొదటి రెండు మూడు తరముల సంకరపిల్లులలో ఇది పట్టువిడువనిదని పెంపకందారుల అనుభవము. నేలపై కూర్చుండి విడుచునది తొట్టె నచ్చకపోవుట. పిల్లుల సంఖ్యకంటె ఒకటి యెక్కువ తొట్టెలు, పిల్లి పొడవునకు ఒకటిన్నర రెట్లు పొడవు, వాసనలేని సన్నని లిట్టరు, ప్రతిదినము శుభ్రము: ఇంతమాత్రమున అనేక గృహములలో సమస్య సమసిపోవును. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో టోనీ బఫింగ్టన్ బృందము, కారణము తెలియని మూత్రాశయశోథ గల పిల్లులకు దాగుకొను చోట్లు, ఎత్తులు, ఆట, నియమితమైన దినచర్య కల్పింపగా రోగలక్షణములు తగ్గుటను కనుగొనెను. విసుగును భయమును పిల్లి మూత్రాశయమున గూడ కానవచ్చునన్నమాట.

ఈ పిల్లి యున్న యింట జాగ్రత్తపడవలసినవి

ఫినాయిల్: పిల్లి కాలేయమున, ఫినాలువంటి పదార్థములను గ్లూకురానిక్ ఆమ్లముతో చేర్చి వెడలగొట్టు ఎంజైము పనిచేయదు. ఫినాయిల్‌తో తుడిచిన తడినేలపై నడచి పాదములు నాకుకొనినచో విషము లోపలికి పోవును. మూత్రపుమరకకు ఎంజైములు గల శుభ్రద్రవము వాడవలెను; అమోనియావాసన గలవి అదే చోటికి పిల్లిని మరల పిలుచును.

పారాసిటమాల్: అదే కారణముచేత ఒక్క మాత్రయైనను ప్రాణాంతకము.

కుక్కలకు వాడు గోమారిమందు: అందు పెర్మెత్రిన్ ఉన్నచో పిల్లికి తాకనీయరాదు.

పూలదారము: జడనుండి తీసి బల్లపై వేసిన మల్లెదండలోని దారము పిల్లి నాలుకపైని ముండ్లకు తగులుకొని, ఉమ్మివేయ శక్యము కాక, కడుపులోనికి జాఱును, ప్రేగులను మడతలుగ ముడిచి కోయగలదు. నోటనుండి గాని, మలద్వారమునుండి గాని దారపుకొన కనబడినచో లాగరాదు. వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. ఆడించు ఈకలకుచ్చును గూడ ఆట ముగియగానే బీరువాలో పెట్టవలెను.

లిల్లీపూలు: లిలియం జాతి పూలపుప్పొడియు, కూజాలోని నీరును సైతము మూత్రపిండములను చెఱచును.

తెచ్చుకొనుటకు పూర్వము

పిల్లకూన మనుష్యులతో మచ్చికపడు సున్నితకాలము రెండవవారమునుండి ఏడవవారమువఱకు అని అమెరికాలో ఐలీన్ కార్ష్ చేసిన ప్రయోగములు తెలిపినవి. ఆ కాలమున ఎవరి చేతులలో పెరిగినదో తెలిసికొనుట, మచ్చలు ఎంత అందముగ నున్నవో చూచుటకంటె ముఖ్యము. ఎనిమిదివారములకంటె ముందే తల్లినుండి వేఱుచేయబడిన పిల్లులలో కఱచు స్వభావము హెచ్చని ఫిన్లాండువారు 2017లో ప్రకటించిరి. పండ్రెండువారములు నిండని కూనను అమ్మజూపువారినుండి కొనకుండుటయే మేలు. ఇంట పగలంతయు ఎవరును లేనివారు ఈ జాతిని తీసికొనవలదని నా మనవి. తీసికొనినచో, సమవయస్కమును సమచురుకును గల రెండవపిల్లి యుండుట రెంటికిని మేలు.

తరమును గూర్చి విచారించుట మాత్రము విధిగ చేయవలెను. అడవిమూలము నాలుగుతరములలోపల నున్న సంకరజంతువులకు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్యపు ఒడంబడిక నిబంధనలు వర్తించును. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున చిరుతపిల్లి మొదటి షెడ్యూలులోనిది. బ్రిటనులో మొదటితరపు సంకరమును పెంచుటకు ప్రమాదకరజంతువుల లైసెన్సు కావలెను. కావున అమ్మువానిని అడుగవలసిన మొదటి ప్రశ్న వెల కాదు. తల్లిని చూపుమని, ఐదు తరముల వంశపత్రమును చేతికిమ్మని అడిగి, ఆ రెంటిలో ఏ యొక్కటి లేకపోయినను బేరము అంతటితో విడిచిపెట్టవలెను.